అమ్మ చూసిన ఫైనల్

మా ఇంటి టీవీ మగ్గం ఉన్న అర్రలోనే ఉండేది. ఉన్నవే రెండు అర్రలు. ఒకదాంట్లో వంటా పడకా, రెండోది మగ్గానిది. గుంట మగ్గం కాబట్టి నాయిన కాళ్ళు గుంటలో పెట్టి కూర్చునేవాడు. ఎదురుగా గూట్లో టీవీ. తలెత్తితే బొమ్మ, దించితే చీర. తలుపు పక్కన గోడకు ఆనించి అమ్మ ఆసు ఉండేది. ఆసు ముందు కూర్చున్న మనిషికి టీవీ వీపు వెనక్కి పడుతుంది. అందుకే మా ఇంట్లో టీవీ వచ్చిన చాలా ఏళ్ళ దాకా అమ్మ దాన్ని విన్నదే తప్ప చూసింది తక్కువ.

మాది నల్లగొండ జిల్లా, చండూరు దగ్గర ఒక ఊరు. మేముండేది పద్మశాలీల వాడకట్టు. పొద్దున లేస్తే ఏ ఇంట్లో చూసినా మగ్గం చప్పుడే. నేత తెలియని వాళ్ళ కోసం ఆసు అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి, లేకపోతే నేను చెప్పబోయేది అర్థం కాదు.

మా దిక్కు చీరల మీద కనిపించే బొమ్మలు నేసిన తర్వాత అద్దినవి కావు. నేయకముందే నూలు మీద రంగు పడాలి. ఎక్కడ రంగు ఎక్కాలో, ఎక్కడ ఎక్కకూడదో గుర్తు పెట్టుకుని, ఆ చోట రబ్బరు కట్టి రంగులో ముంచుతారు. దీన్నే చిటికి పని అంటారు. ఆ కట్టుడు మొదలుపెట్టే ముందు పేక నూలునంతా, అంటే చీరకు అడ్డంగా పోయే నూలునంతా, ఒక చెక్క మీద వరుసగా పోసుకోవాలి. ఆ చెక్కకు ఒక చివర ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రం లాగా చిన్న చిన్న మేకుల వరుస ఉంటాయి. పోగు పట్టుకుని ఈ మేకు నుంచి ఆ మేకుకు, అక్కడి నుంచి మళ్ళీ ఇటు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఇది మగవాళ్ళు చేసే పని కాదని ఎవరు రాసిపెట్టారో తెలియదు కానీ, మా వాడకట్టులో ఆసు ముందు ఆడవాళ్ళు తప్ప మగ మనిషి కూర్చోగా నేను చూడలేదు.

ఇక 2003 సంగతి. నేను తొమ్మిదో తరగతి. దక్షిణాఫ్రికాలో వరల్డ్ కప్. మన టీమ్ మొదట్లోనే ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయి, తర్వాత వరుసగా ఎనిమిది మ్యాచ్‌లు గెలిచి ఫైనల్‌కు వచ్చింది. మార్చి 1న, శివరాత్రి నాడు, సచిన్ పాకిస్తాన్ మీద 98 కొట్టాడు. ఉపవాసం ఉన్న నానమ్మ కూడా టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ నెల రోజులూ మా ఊళ్ళో పిల్లలకు వేరే లోకం లేదు. అంతకుముందు ఏడాది వానల్లేక బావులన్నీ అడుగంటాయి. పెద్దవాళ్ళ ముఖాల్లో దిగులు ఉండేది. మా ముఖాల్లో మాత్రం సచిన్ ఉండేవాడు.

మార్చి 23, ఆదివారం. మ్యాచ్ మధ్యాహ్నం ఒకటిన్నరకు. మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ, 14 అంగుళాలది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి చిన్నాయిన పొద్దున్నే ట్రాక్టర్ బ్యాటరీ ఒకటి అడిగి తెచ్చి గూడు కింద పెట్టాడు. తాత మంచాన్ని టీవీకి సూటిగా జరిపాం. ఆయన మెడ పక్కకు తిరిగేది కాదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి వెన్నుపూస బిగుసుకుపోయింది. మా దిక్కు ఆ వయసు వాళ్ళలో చాలామందిది అదే పరిస్థితి. తాత చూడాలంటే చూసేది సరిగ్గా ఆయన ఎదురుగా ఉండాలి. మంచం ఒక బెత్తెడు అటూ ఇటూ అయినా ‘ఇంకొంచెం జరుపుండ్రి బిడ్డా’ అనేవాడు.

అమ్మ పొద్దున్నే ఆసు ముందు కూర్చుంది. మంగళవారం కల్లా నూలు కట్టుడుకు ఇవ్వాలి. అక్క అమ్మ పక్కన కండెలు చుడుతోంది. అక్కకు క్రికెట్ అంటే నాకంటే ఎక్కువ పిచ్చి. ఎవరు ఎన్ని కొట్టారో ఒక నోట్‌బుక్‌లో రాసుకునేది. కానీ ఆ రోజు రాట్నం తిప్పుతూ మధ్యమధ్య మెడ తిప్పి చూసింది తప్ప మాతో కూర్చోలేదు. నేను మాత్రం ముందు వరుసలో, చాప మీద, వాడకట్టు పిల్లలందరి మధ్య కూర్చున్నాను. ఆ తేడా అప్పుడు నా కంటికి ఆనలేదు. ఇప్పుడు తలుచుకుంటే ముందు అదే గుర్తొస్తుంది.

గంగూలీ టాస్ గెలిచి బౌలింగ్ తీసుకున్నాడు. మొదటి ఓవర్ జహీర్ ఖాన్. వైడ్లు, నో బాల్స్, ఫోర్లు కలిపి పదిహేను పరుగులు పోయాయి. చిన్నాయిన ‘టెన్షన్ పడుతున్నడు పిలగాడు’ అన్నాడు. నాయిన మగ్గం ఆపి, పేక పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను చేత పట్టుకుని చూశాడు. ‘చేతులు వణికినప్పుడు నాడె విసరొద్దు’ అన్నాడు. అంతే, మళ్ళీ నేతలో పడ్డాడు.

మా టీవీలో ఆస్ట్రేలియా వాళ్ళు తెల్లగా, మనవాళ్ళు నల్లగా కనిపించేవాళ్ళు. పసుపైనా నీలమైనా దానికి ఒకటే. ఆ తెల్ల చొక్కా పాంటింగ్ ఎంత కొట్టాడంటే, ఒక దశ తర్వాత పిల్లలు అరవడం కూడా మానేశారు. 140 నాటౌట్. మార్టిన్ 88 నాటౌట్. రెండే వికెట్లు, 359 పరుగులు. తాత ఒక్కడే ధైర్యంగా ఉన్నాడు. ‘సచిన్ ఉన్నడు గదా’ అన్నాడు. ఆ మాటతో మా అందరికీ ప్రాణం వచ్చింది.

మన బ్యాటింగ్ మొదలైంది. మెక్‌గ్రాత్ మొదటి ఓవర్లోనే సచిన్ ఒక ఫోర్ కొట్టాడు. నేను ఎగిరి లేచాను. లేచినవాణ్ణి కూర్చోలేదు. తర్వాతి బంతికి మళ్ళీ లాగి కొట్టాడు. బంతి పైకి లేచింది. కన్నార్పకుండా దాన్నే చూస్తూ వెనక్కి అడుగు వేశాను, ఇంకో అడుగు వేశాను. మెక్‌గ్రాత్ తన బంతిని తనే పట్టుకున్నాడు. అదే క్షణంలో నా మడమ దేనికో తగిలింది, వెనక ధడేల్‌మని చప్పుడైంది.

అమ్మ ఆసు పడిపోయింది.

అర్ర నిండా అయ్యో అని అరుపులు. ఆ అరుపులన్నీ సచిన్ కోసం. ఆసు పడిన సంగతి అమ్మ, అక్క, నేను తప్ప ఎవరూ చూడలేదు. మేకుల మీద నుంచి పట్టు పోగులన్నీ జారి కింద కుప్పగా పడ్డాయి. కొన్ని నా మడమకు చుట్టుకున్నాయి. పొద్దున్నుంచి పోసిన నూలు. ఇంకో అరగంటలో అయిపోయేది.

‘కదలకు. కాలు ఎత్తకు’ అంది అమ్మ. గొంతు పెంచలేదు.

నేను అలాగే నిలబడ్డాను. అమ్మ నా కాలి దగ్గర గొంతుకు కూర్చుని, చూపుడు వేలి గోటితో ఒక్కో పోగును పైకి లేపి మడమ మీద నుంచి తప్పించింది. పట్టు పోగు ఎంత సన్నంగా ఉంటుందంటే వెలుతురు పడితే తప్ప కనిపించదు. నా కాలికి ఆ రోజంతా ఆడిన దుమ్ము ఉంది. దుమ్ము పట్టిన పోగు పనికిరాదు కాబట్టి, పోగు తీసేముందు కొంగుతో నా మడమ తుడిచింది. టీవీలో సచిన్ బ్యాటు చంకలో పెట్టుకుని నడిచి వెళ్తున్నాడు. నాకు ఏడుపు ఆగడం లేదు. సచిన్ కోసం ఏడుస్తున్నానో, ఆసు కోసం ఏడుస్తున్నానో అడిగితే ఆ వేళ నాకే తెలియదు.

కాలు విడిపించాక అమ్మ ఒకే మాట అంది. ‘పో, పోయి చూడు. ఇంక సెహ్వాగ్ ఉన్నడట గదా.’

సెహ్వాగ్ ఉన్నాడు నిజమే, 82 కొట్టాడు. మధ్యలో జొహాన్నెస్‌బర్గ్‌లో వాన పడి ఆట ఆగింది. మ్యాచ్ మొత్తం కొట్టుకుపోతే బాగుండునని పిల్లలమంతా చేతులు జోడించాం. నానమ్మ మమ్మల్ని చూసి, ‘నిరుడు కప్పతల్లి ఆడినం, ఇంటింటికి తిరిగి బిందెలతోటి నీళ్ళు పోయించినం, మన ఊరికి సినుకు రాలె. గా దేశంల మొక్కకున్నా పడ్తుంది సూడు’ అంది. ఆమె బాధగానే అంది. ఎవరూ నవ్వలేదు. ఆ వాన కూడా కాసేపే. సెహ్వాగ్ రనౌట్ అయ్యాడు. 40వ ఓవర్లో 234కు ఆలౌట్, 125 పరుగుల తేడాతో ఓటమి. సచిన్‌కు టోర్నీ మొత్తంలో 673 పరుగులు చేసినందుకు బహుమతి ఇచ్చారు. ఆయన ముఖంలో సంతోషం ఏ మూలా లేదు.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఎప్పుడో నడిరాత్రి మెలకువ వచ్చింది. మగ్గం అర్రలో దీపం వెలుగుతోంది. అమ్మ ఆసు మళ్ళీ పోస్తోంది. చిక్కుబడ్డ నూలును అక్క ఒళ్ళో పెట్టుకుని విడదీస్తోంది. ఎక్కడ విడదీయడానికి వీలు కాలేదో అక్కడ తెంపి, రెండు కొసలూ వేళ్ళ మధ్య నలిపి అతుకుతోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. అమ్మ కుడిచెయ్యి మాత్రం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. మధ్యమధ్య ఎడమచేత్తో భుజం పట్టుకుని ఒకసారి నొక్కుకుంటుంది, మళ్ళీ చెయ్యి కదులుతుంది.

నేను గడప దగ్గర నిలబడి చూశాను. లోపలికి పోయి ఏదైనా చేయాలనిపించింది. ఏం చేయాలో తెలియలేదు. వెనక్కి వచ్చి పడుకున్నాను. పద్నాలుగేళ్ళ పిల్లవాడికి దేశం ఓడిపోయిందన్న బాధ చాలా పెద్దది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ బాధతో నేను పడుకున్న రాత్రి, నా వల్ల జరిగిన నష్టాన్ని ఇద్దరు ఆడవాళ్ళు నిద్ర మానుకుని సరిచేశారు. ఆ ఇద్దరూ మ్యాచ్ కూడా సరిగ్గా చూడలేదు.

పొద్దున నాయిన నన్ను మగ్గం దగ్గరికి పిలిచాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నేస్తూ నేస్తూ ఆపి, పడుగులో, అంటే నిలువు పోగుల్లో, తెగిన ఒక పోగు చూపించాడు. ‘దీన్ని ఇప్పుడే అతకాలె. తెగిందని తెలిసి కూడా మూరెడు నేసినంక ఎన్కకు చూస్తే, ఆ మూరెడు గీత పడి ఉంటది. శీర మొత్తం పాడైనట్టే’ అన్నాడు. నా చేతికి ఆ రెండు కొసలూ ఇచ్చి అతకమన్నాడు. నా ముడి లావుగా వచ్చింది. విప్పి మళ్ళీ వేయించాడు. నాలుగోసారికి కుదిరింది. ‘ఇగ బడికి పో’ అన్నాడు. ఆసు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తర్వాత ఏళ్ళు చకచకా గడిచాయి. అక్కకు నకిరేకల్ సంబంధం కుదిరి పెళ్ళయింది. నేను ఇంటర్, డిగ్రీ అంటూ నల్లగొండ, హైదరాబాద్ తిరిగాను. తాత పోయాడు. ఆయన మంచం మాత్రం టీవీకి సూటిగా అదే చోట ఉండిపోయింది, ఎవరూ జరపలేదు.

అమ్మ భుజం పూర్తిగా పట్టేసింది. చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. తల దువ్వుకోవాలంటే మెడను చెయ్యి దగ్గరికి వంచేది. ఇది ఒక్క మా అమ్మ కథ కాదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, 1999లో ఆసు మిషన్ తయారు చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మిషన్ మీద నాలుగైదు గంటల పని గంటన్నరలో అయిపోతుంది. ఆయన తయారు చేశాక మా ఇంటికి అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది, డబ్బులు కూడబెట్టాలి కదా. వచ్చిన రోజు అమ్మ దాని ముందు పసుపు కుంకుమ పెట్టి, నడుస్తున్న మిషన్‌ను చాలాసేపు ఊరికే చూస్తూ నిలబడిందట. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు పట్టుకుని నిలబడిందని నాయిన చెప్పాడు. మిషన్ వచ్చేసరికి ఆమె భుజం మాత్రం పోనే పోయింది.

2011 ఏప్రిల్ 2, శనివారం. వాంఖడేలో శ్రీలంకతో ఫైనల్. రెండు రోజుల్లో ఉగాది. నేను ఎల్బీ నగర్‌లో పొద్దున్నే బస్సు ఎక్కాను. తెలంగాణ రాష్ట్రం కోసం ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగి మూడు వారాలు. ఊరూరా దీక్షా శిబిరాలే, రోడ్లు ఎప్పుడు బంద్ అవుతాయో ఎవరికీ తెలియదు. చౌటుప్పల్ దాటి మునుగోడు మీదుగా చండూరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. హైదరాబాద్ గదిలో ఫ్రెండ్స్ పెద్ద స్క్రీన్ అద్దెకు తెస్తామన్నా నేను ఊరికే వచ్చాను. ఈ మ్యాచ్ ఆ అర్రలోనే చూడాలని నాకు ఎందుకో గట్టిగా అనిపించింది.

ఇంట్లో ఇప్పుడు కలర్ టీవీ. అదే గూడు, అదే మగ్గం. అమ్మ పండక్కి ఇల్లు అలికి, బబ్బెర గుడాలు పెద్ద గిన్నె నిండా ఉడకేసి, తాలింపు వేసి పెట్టింది. ‘అమ్మా, నువ్వు కూడా చూడవే’ అన్నాను. ‘నాకేం తెల్వదు బిడ్డా, మీరు చూడుండ్రి’ అంది. చెయ్యి పట్టుకుని తెచ్చి తాత మంచం మీద కూర్చోబెట్టాను. ఆసు చెక్క ఉన్న చోట ఇప్పుడు మిషన్ ఉంది. ఆ సాయంత్రం దాన్ని ఆపేశాం.

మొదటి ఓవర్ మళ్ళీ జహీర్ ఖాన్. నాకు గుండె దడదడలాడింది. ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. రెండో ఓవర్ కూడా మెయిడెన్. మూడోది కూడా. మొదటి స్పెల్ మొత్తం ఐదు ఓవర్లలో ఆరు పరుగులిచ్చి ఒక వికెట్ తీశాడు. నాయిన మగ్గం మీద చేతులు పెట్టి చూస్తూ, ‘ఆ పిలగాడే గదరా? అప్పుడు మొదటి ఓవర్ల ఆగమైనోడు?’ అన్నాడు. ఎనిమిదేళ్ళ కిందటి ఒక్క ఓవర్‌ను మా నాయిన గుర్తుపెట్టుకున్నాడు. అవును అన్నాను. ‘అతికిండు మరి’ అన్నాడు.

నా ఒంట్లో ఏదో కదిలినట్టయింది. ఆ ఎనిమిదేళ్ళలో నేను రెండు పరీక్షలు తప్పాను. ఒక ఉద్యోగం ఇంటర్వ్యూ దాకా వెళ్ళి చేజారింది. ప్రతిసారీ గోడ వైపు తిరిగి పడుకున్నాను. నాయిన ఎప్పుడూ నాతో చదువు గురించి గానీ ఉద్యోగం గురించి గానీ పెద్దగా మాట్లాడలేదు. ఆ ఒక్క మాట జహీర్ గురించే అన్నాడు. అయినా నాకు తగలవలసిన చోటే తగిలింది. చివరి ఓవర్లలో జహీర్‌ను వాళ్ళు బాగానే బాదారు, మొత్తం పది ఓవర్లలో 60 ఇచ్చాడు. జయవర్ధనే సెంచరీ కొట్టాడు, స్కోరు 274. నాయిన లెక్కలో మాత్రం జహీర్ పాసే. మొదట తెగిన చోట అతికాడు కదా.

మన బ్యాటింగ్‌లో రెండో బంతికే సెహ్వాగ్ సున్నాకు పోయాడు. సచిన్ 18. స్కోరు 31 మీద రెండు. వాడకట్టు అంతా నిశ్శబ్దం. నకిరేకల్ నుంచి అక్క ఫోన్. ‘తమ్మీ, ఆసుకు దూరంగ కూసో’ అంది. అంతే, నేను ఏమీ అనలేకపోయాను. ఎనిమిదేళ్ళలో ఆ సంగతి ఎవరైనా ఎత్తడం అదే మొదటిసారి. అక్క గొంతులో కోపం లేదు. పక్కనే వాళ్ళ పాప ఏడుస్తోంది, అత్తగారింట్లో పనుల మధ్య మ్యాచ్ చూస్తోంది. ‘నువ్వు రాసుకునే నోట్‌బుక్ ఇంట్లనే ఉన్నదే అక్కా’ అన్నాను. ‘ఉండనీ’ అంది.

గంభీర్, కోహ్లీ 83 పరుగులు కలిపారు. కోహ్లీ పోగానే యువరాజ్ రావాల్సిన చోట ధోనీ వచ్చాడు. గంభీర్ మాత్రం అలాగే ఉన్నాడు. సిక్సర్లు లేవు, ఆర్భాటం లేదు. ఒకటి, రెండు, ఒకటి, రెండు. ఈ వైపు నుంచి ఆ వైపుకు, ఆ వైపు నుంచి ఈ వైపుకు. రనౌట్ కాకుండా నేల మీద దూకినప్పుడు చొక్కా ముందు భాగమంతా మట్టి అంటింది.

అప్పుడు గమనించాను, అమ్మ ముందుకు వంగి చూస్తోంది. రంగు చూసే మనిషి కదా, ముందు ఆమె కంట్లో పడింది అదే. ‘ఆ నీలం మీద ఎర్రమట్టి దిగింది, ఇగ పోదు’ అంది. కాసేపాగి, ‘ఎంతసేపటి సంది ఉర్కుతుండు ఆ పిల్లగాడు?’ అని అడిగింది. మొదటి ఓవర్లోనే వచ్చాడమ్మా అని చెప్పాను. అప్పటి నుంచి ఆమె గంభీర్‌ను తప్ప ఎవరినీ చూడలేదు. ధోనీ ఫోర్ కొడితే మేమంతా ఎగిరాం. అమ్మ మాత్రం అవతలి కొస నుంచి ఇవతలి కొసకు పరుగెత్తి వస్తున్న గంభీర్‌నే చూసింది.

97 దగ్గర ముందుకొచ్చి ఊపాడు, బౌల్డ్. ఇంకో మూడు కొడితే వరల్డ్ కప్ ఫైనల్లో సెంచరీ. గెలవడానికి ఇంకా 52 కావాలి. పిల్లలంతా అయ్యో అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. గంభీర్ తల దించుకుని లోపలికి పోయేదాకా చూసింది. యువరాజ్ రావడం కూడా చూసింది. తర్వాత ఎవరితోనూ కాకుండా, తనలో తాను అనుకున్నట్టు అంది:

‘ఆసు పోసినోడు ఇంట్లకు పోయిండు. ఇగ నేసినోళ్ళకు పేరు.’

నాయిన చెయ్యి మగ్గం మీద ఆగిపోయింది. అమ్మ ఆ మాట ఎవరినీ ఎత్తిపొడవడానికి అనలేదు, ఆ పిల్లవాడి మీద జాలితో అంది. కానీ ఆ అర్రలో ముప్పై ఏళ్ళుగా నేసింది నాయిన, ఆసు పోసింది అమ్మ. చీర షావుకారుకు అప్పజెప్పేటప్పుడు ‘మంచిగ నేసినవ్’ అన్న మాట నాయినకే వచ్చేది. నాయిన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, ‘ఆసు లేంది చీరెక్కడిదే’ అన్నాడు. టీవీ వైపు చూస్తూనే అన్నాడు. అమ్మ విన్నదో లేదో నాకు తెలియదు. గుడాల గిన్నె ముందుకు జరిపి, ‘తినుండ్రి, సల్లారిపోతున్నయ్’ అంది.

మిగతాది మీ అందరికీ తెలిసిందే. 49వ ఓవర్ రెండో బంతికి కులశేఖరను ధోనీ ఎత్తి కొట్టిన సిక్సర్. 28 ఏళ్ళ తర్వాత కప్పు. 1983లో రేడియో చెవికి ఆనించుకుని, 183 పరుగులకే ఆలౌటైన టీమ్ వెస్టిండీస్‌ను 140కి పడగొట్టడం విన్నానని నాయిన ఎన్నోసార్లు చెప్పేవాడు. ఆ రాత్రి ఆయన గుంటలో నుంచి లేచి బయటికి వచ్చి, ఊరు ఊరంతా కాలుస్తున్న పటాకుల వెలుతురులో నిలబడ్డాడు. దీక్షా శిబిరంలో కూర్చున్నవాళ్ళు, కూర్చోనివాళ్ళు, మాటల్లేని ఇళ్ళవాళ్ళు అందరూ రోడ్డు మీదే ఉన్నారు. సచిన్‌ను భుజాల మీద ఎత్తుకుని తిప్పుతున్నది లోపల టీవీలో వస్తోంది. 2003లో ఓడిన జట్టులో నుంచి సచిన్, సెహ్వాగ్, యువరాజ్, హర్భజన్, జహీర్, ఐదుగురు ఈ ఫైనల్ కూడా ఆడారు. ఆ సంగతి అక్కే ఫోన్లో చెప్పింది. నోట్‌బుక్ లేకపోయినా ఆమెకు అన్నీ గుర్తే.

మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ధోనీకి ఇచ్చారు. 91 నాటౌట్, ఇవ్వాల్సిందే, నేను కాదనను. అమ్మ మాత్రం నిద్రకు వాలేముందు నన్ను అడిగింది. ‘ఆ మట్టి సొక్కా పిల్లగానికి ఏమన్న ఇచ్చిండ్రా?’

మర్నాడు బస్సు ఎక్కేముందు మిషన్ మీద నేనే ఒక చీరకు ఆసు పోశాను. అమ్మ పక్కన నిలబడి పోగు ఎలా ఎక్కించాలో చూపించింది. మిషన్ పని, గొప్పేమీ లేదు. ఒక గంట ముప్పావు పట్టింది నాకు. ఆ తర్వాత ఊరికి వెళ్ళినప్పుడల్లా ఒకటి పోసి వస్తున్నాను.

2023 నవంబర్ 19. అహ్మదాబాద్‌లో ఫైనల్, మళ్ళీ ఆస్ట్రేలియాతో. వరుసగా పది గెలిచి వచ్చిన టీమ్ మనది. 240కే ఆగిపోయాం, ట్రావిస్ హెడ్ 137 కొట్టి మ్యాచ్ ఎత్తుకుపోయాడు. వనస్థలిపురంలో మా ఇల్లు. అమ్మ మా దగ్గరే ఉంది. నాయిన మగ్గం వదిలి రానని ఊళ్ళోనే ఉన్నాడు. మా పాపకు ఎనిమిదేళ్ళు. నీలం చొక్కా వేసుకుని, చెంపల మీద జెండా గీయించుకుని కూర్చుంది. ఆఖరి పరుగు పూర్తి కాగానే సోఫాలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

నేను దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పబోయాను. 2003 గురించి, 2011 గురించి, పోగు గురించి చాలా మాటలే నోటి దాకా వచ్చాయి. అమ్మ వద్దన్నట్టు కళ్ళతోనే ఆపింది. ‘ఏడ్వనీ’ అంది. కాసేపు ఏడ్వనిచ్చింది. తర్వాత తడి గుడ్డతో చెంపల మీద రంగు తుడిచి, ‘దా బిడ్డా, పొద్దుగాల బడి ఉన్నది. జడేస్త’ అని నూనె సీసా, దువ్వెన తీసుకుని కుర్చీలో కూర్చుంది.

పాప ముక్కు ఎగబీలుస్తూ లేచి వచ్చింది. నానమ్మ ముందున్న స్టూలు మీద కూర్చోబోయి ఆగింది. స్టూలును కాలితో పక్కకు జరిపింది. నానమ్మ చెయ్యి అంత పైకి రాదని దానికి తెలుసు. వచ్చి నేల మీద, ఆమె మోకాళ్ళ మధ్య, తల కిందికి వంచి కూర్చుంది.